ఇల్లు ఒకరిది, కప్పు ఊరిది



పోయిన వారం నేను పెట్టిన ఫొటో చూసి చానామంది అడిగినారు. "అన్నా, జపాన్ దాకా పోయి గడ్డివామి కింద పడుకున్నావా?" అని ఒకరు. "అది ఇల్లా, గుడా? మన రేరింగ్ షెడ్డుకి మూడింతలు ఎత్తుందే" అని ఇంకొకరు. అది ఇల్లే. రైతు ఇల్లు. నూట యాభై ఏళ్లు దాటిన ఇల్లు. ఇప్పుడు అందులో ఒక ముసలామె, ఆమె కొడుకు, కోడలు ఉంటారు. మూడు గదులు మాత్రం ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి రాత్రి బసకి ఇస్తారు. మన పాతకాలం పూటకూళ్ల ఇల్లు మాదిరి అనుకోండి, రాత్రి భోజనం, పొద్దున టిఫిను వాళ్లే పెడతారు. అక్కడ నేనూ మా ఇంటామె రెండు రాత్రులు ఉండి వచ్చినాము.

ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసేకంటే అందరికీ ఒకేసారి చెబుదామని ఈ పోస్టు. పెద్దదే. పాలు పిండి, ఆకు కోసి, పురుగుకి మేత వేసినాక తీరిగ్గా చదవండి.

మావాడు నగోయా అనే ఊళ్లో ఉద్యోగం చేస్తాడు. రెండేళ్లుగా రమ్మంటా ఉన్నాడు. మన బతుకు మీకు తెలుసు కదా, ఇంట్లో పురుగుంటే పెళ్లికి కూడా పోలేము. ఈసారి దీపావళి ముందు ఒక పంట దింపి, గూళ్లు హిందూపురం మార్కెట్లో వేసి, షెడ్డు కడిగి సున్నం చల్లి బయల్దేరినాము. ఆవులు రెండు, డ్రిప్పు నీళ్లు, కుక్క, ఇవన్నీ మా పక్క తోట ఓబులేసన్న చూసుకున్నాడు. పన్నెండు రోజులు. కూలి ఇస్తానంటే కోపం చేసినాడు. "నా కూతురి పెళ్లప్పుడు నువ్వు వచ్చి పన్నెండు రోజులు నా ఆవుల్ని చూడు, లెక్క సరి" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

ఆ ఊరు పేరు షిరకావాగో. గిఫు రాష్ట్రంలో, కొండల నడుమ షో నది ఒడ్డున ఉంది. మేము దిగిన పల్లె పేరు ఓగిమాచి. నగోయా నుంచి బస్సులో దాదాపు మూడు గంటలు. దారిలో ఒక సొరంగం వస్తుంది, పది కిలోమీటర్ల పైనే పొడుగు. 2008లో తెరిచినారంట. మా ఇంటామె చేతిలో జపమాల తిప్పతా కూర్చుంది. సొరంగం బయటికి రాగానే బస్సులో అందరూ ఒక్కసారి "ఆ" అన్నారు.

మన పక్క బాదం చెట్టు ఆకు రాలే ముందు ఎర్రబడతాది చూడండి. కొండ కొండంతా అట్ల ఉంటే ఎట్లుంటాదో అట్ల ఉంది. ఎరుపు, పసుపు, ఇటుక రంగు, మధ్యలో దేవదారు చెట్లు నల్లటి పచ్చదనం. అక్కడ ఇది ఆకు రాలే కాలం. మనకి కార్తీకం మొదలు. కింద లోయలో వరి కోసేసిన మళ్లు, కొయ్యకాళ్లు. ఇళ్ల ముందర చెట్లకి ఆకు లేదు గానీ, టమాటా రంగులో కాకి పండ్లు వేలాడతా ఉన్నాయి. మన దగ్గర కూడా ఇప్పుడు పండ్లబండ్ల మీద అమ్ముతారే, ఆ పండే. కొన్ని ఇళ్లల్లో తొక్క తీసి తాడుకి గుచ్చి చూరు కింద ఎండేసినారు.

మళ్ల మధ్యలో ఆ ఇళ్లు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టినట్టు ఉంటాది కప్పు. వాళ్ల భాషలో ఆ కట్టడం పేరుకి అర్థం కూడా అదేనంట, జోడించిన చేతులు. కప్పు వాలు దాదాపు అరవై డిగ్రీలు. అక్కడ చలికాలంలో మనిషెత్తు దాటి మంచు పడతాది. వాలు తక్కువైతే మంచు బరువుకి ఇల్లు కూలుతుంది. ఇళ్లన్నీ ఒకే దిక్కుకి, ముక్కోణం గోడలు ఉత్తరం దక్షిణం పెట్టి కట్టినారు. లోయలో గాలి ఆ దిక్కునే వీస్తాదంట, అందుకని కప్పుకి గాలి దెబ్బ తక్కువ. పైగా కప్పు రెండు పక్కలా ఎండ సమానంగా పడి గడ్డి తడి ఆరుతుంది. మన పెద్దోళ్లు వాకిలి ఎటు పెట్టాలో చూసినట్టే, వాళ్లూ గాలిని, ఎండని చూసి కట్టినారు.

మేము దిగిన ఇంటి అవ్వకి ఎనభై దాటినాయి. నడుము వంగింది గానీ పని ఆగదు. చెప్పులు వాకిట్లో వదలాల, లోపల వేరే చెప్పులు ఇస్తారు, చాప మీదికి వస్తే అవి కూడా వదలాల. మరుగుదొడ్డి అందరికీ ఒకటే. గదికీ గదికీ మధ్య గోడ లేదు, కాగితం అంటించిన జరుపుడు తలుపులే. పక్క గదిలో ఒక ముసలి జంట గుసగుస కూడా మాకు వినపడతా ఉంది. మా ఇంటామె, "నువ్వు గురక పెట్టినావంటే ఊరంతా లేస్తాది" అని నన్ను ముందే బెదిరించింది.

ఇంటి మధ్యలో నేలలో చదరంగా గుంత పొయ్యి. పైనుంచి ఒక కొక్కెం వేలాడతాది, దానికి కెటిల్. ఆ పొయ్యికి పొగగొట్టం లేదు. పొగంతా పైకి పోయి గడ్డిలో దూరి బయటికి పోతాది. అందుకే లోపలి దూలాలు, తాళ్లు అన్నీ కారునలుపు. పొగ పట్టిన గడ్డికి, కట్టెకి పురుగు పట్టదు, తేమ నిలవదు. పొయ్యి ఆరిపోయిన ఇంటి కప్పు తొందరగా కుళ్లుతుందని అవ్వ చెప్పింది. మనుషులు కాపరం ఉంటేనే ఇల్లు నిలుస్తాదని మనవాళ్లు అంటారే, అక్కడ ఆ మాటకి కారణం కూడా కంటికి కనపడతాది.

ఇంకో సంగతి. ఆ కప్పులో ఒక్క మేకు లేదు. వాసాలన్నీ గడ్డితాళ్లతో, పచ్చిగా ఉన్నప్పుడు మెలిదిప్పి కట్టిన లేతకొమ్మలతో బిగించినారు. ఆ కొమ్మలు ఎండేకొద్దీ బిగుసుకుంటాయి. పెద్ద వాసాల మొదలు పెన్సిల్ మొన మాదిరి చెక్కి, దూలంలో గుంత చేసి అందులో నిలబెట్టినారు. గాలికి, మంచుకి, భూకంపానికి కప్పు కొంచెం కదులుతుందే గానీ విరగదు. కొన్ని దూలాలు మొదట్లో వంపు తిరిగి ఉన్నాయి. వంకర కట్టె ఎందుకు వాడినారని అడిగినా. కొండవాలు మీద మొలిచిన చెట్టుని చిన్నప్పుడు మంచు వంచేస్తాదంట, ఆ చెట్టు మొదట్లో వంపుతోనే పెరుగుతుంది. ఆ వంపే బరువు మోయడానికి బలమని ఏరి మరీ తెచ్చేవాళ్లంట.

ఇప్పుడు మన పట్టు రైతులకి అసలు సంగతి. ఆ కప్పు కింద పైన రెండు మూడు అంతస్తులు ఉన్నాయి. మనుషులు ఉండేది కింద మాత్రమే. పైనంతా ఎవరుండేవాళ్లో తెలుసా? పట్టుపురుగులు! నిచ్చెన లాంటి మెట్లెక్కి పైకి పోతే నాకు మన షెడ్డు వాసన వచ్చినట్టే అనిపించింది. పురుగు పోయి యాభై ఏళ్లయినా తట్టలు అట్లే ఉన్నాయి, గూళ్లు అల్లించే గడ్డి చట్రాలు కూడా. మన చంద్రికలు ఎట్లనో అవి అట్ల. నేల పలకల మధ్య సందులు వదిలినారు, కింద పొయ్యి వేడి ఆ సందుల్లోంచి పైకి వచ్చి పురుగుకి వెచ్చగా ఉండేది. రెండు చివర్లా కిటికీలు, గాలి ఆడడానికి. మనం హీటరు, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి చేసే పనే.

నేను మావాడి చేత అడిగించినా, నాలుగో జ్వరం దాటినాక మేతకి ఏం చేసేవాళ్లని. అవ్వ నవ్వింది. ఆమె పెళ్లయి వచ్చిన కొత్తలో రాత్రి రెండింటికి లేచి ఆకు వేసేదంట. వాన పడిన రోజు ఆకు తుడిచి వేసేవాళ్లంట. పురుగు ఆకు తినేటప్పుడు గడ్డి కప్పు మీద వాన పడినట్టు చప్పుడు వచ్చేదని ఆమె అంటే, ఆ మాట మావాడు తెలుగులో చెప్పేలోపే నాకు అర్థమయింది. చేతులు ఆడించి చూపించింది కదా. మనం పెంచే సీ.ఎస్.ఆర్. బైవోల్టైన్ రకాలు మైసూరు పరిశోధన కేంద్రంలో పుట్టినవే అయినా, 1991 నుంచి జపాన్ వాళ్ల సాయంతో నడిచిన ప్రాజెక్టు వాటి వెనక ఉంది. ఆ సంగతి చెబితే ఆమె లోపలికి పోయి ఇంకో గిన్నె సూపు తెచ్చి నా ముందు పెట్టింది.

పురుగు గుల్లని మనం ఎరువు చేస్తాము. వాళ్ల పూర్వీకులు ఇంకో పని కూడా చేసినారు. ఇంటి నేల కింద గుంత తీసి, మట్టి, ఎండుగడ్డి, పురుగు గుల్ల, మనిషి మూత్రం పొరలు పొరలుగా వేసి నాలుగైదేళ్లు మాగబెట్టి, అందులోంచి సూరేకారం తీసేవాళ్లు. తుపాకీ మందుకి అదే ముడిసరుకు. పైన పట్టు, మధ్యలో కాపరం, కింద మందుగుండు. సాగుకి చదునైన నేల తక్కువ ఉన్న లోయ అది. అందుకని ఇంటిని కూడా పొలం మాదిరి వాడుకున్నారు.

రాత్రి ఆరింటికి భోజనం. ఉప్పు రాసి నిప్పు మీద కాల్చిన ఏటి చేప, కొండ ఆకుకూరలు, గట్టి సోయా పెరుగు ముక్క. మన మోదుగాకు అంతకన్నా పెద్ద ఎండుటాకు మీద సోయా ముద్ద, ఉల్లి కలిపి, కింద చిన్న మంట పెట్టి వేడి చేసి ఇచ్చినారు. అన్నంలోకి అది పచ్చడి మాదిరి పనిచేసింది. మా ఇంటామె ఇంటి నుంచి తెచ్చిన శెనగవిత్తుల పొడి తీసి అవ్వకి కొంచెం పెట్టింది. ఆమె తిని, దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ చెయ్యి చాపింది.

తిన్నాక పొయ్యి దగ్గర కూర్చున్నాము. అప్పుడు నేను అడగాలనుకున్నది అడిగినా. ఇంత కప్పుకి గడ్డి మార్చాలంటే ఎవరు చేస్తారు అని.

అవ్వ ఒక మాట చెప్పింది. "యుయి". మావాడు తెలుగులో ఎట్ల చెప్పాలని ఆలోచిస్తా ఉన్నాడు. నేనే చెప్పినా, "బదుళ్లు రా" అని.

గడ్డి కప్పు ముప్పై నలభై ఏళ్లకోసారి మార్చాల. ఒక కుటుంబం ఒంటరిగా చేసే పని కాదు. ఏటా ఆకు రాలే కాలంలోనే కొండల మీద గడ్డి కోసి, ఎండబెట్టి, మోపులు కట్టి దాస్తారు. మేము పోయినప్పుడే ఆ కోతలు మొదలవుతా ఉన్నాయి. చాలినంత గడ్డి చేరినాక, మంచు కరిగిన తర్వాత ఒక రోజు పెట్టుకుంటారు. ఆ రోజుకి నూరు, నూటయాభై, రెండువందల మంది వస్తారు. మగవాళ్లు కప్పెక్కుతారు, కింద వరసగా నిలబడినవాళ్లు మోపులు అందిస్తారు, ఆడవాళ్లు వంట చేస్తారు. తాడు గుచ్చడానికి బారెడు కర్ర సూది ఉంటాది. పైనవాడు గుచ్చితే లోపల అటక మీద కూర్చున్నవాడు దాన్ని పట్టుకుని వాసం చుట్టి తిరిగి పైకి పంపుతాడు. ఒకరికొకరు కనపడరు, అరుపులే గుర్తు. ఒక పక్క కప్పు ఒకటి రెండు రోజుల్లో అయిపోతాది.

ఎవరు వచ్చినారు, ఎన్ని రోజులు చేసినారు, ఎన్ని తాళ్లు తెచ్చినారు, ఎన్ని మోపులు ఇచ్చినారు, అన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటారు. అవ్వ తన మామ రాసిన పుస్తకం తీసి చూపించింది. కాగితం పసుపు పడింది. అక్షరం నాకు రాదు గానీ, పద్దు అంటే పద్దే కదా. పేరు, పక్కన లెక్క. పేరు, పక్కన లెక్క. ఆ ఇంటి కప్పు పని వచ్చినప్పుడు వీళ్లు అంతే తిరిగి ఇయ్యాల. రాసినోడు చనిపోయి ఉండొచ్చు, చేసినోడు చనిపోయి ఉండొచ్చు, బాకీ మాత్రం ఇంటికి ఉంటాది. కొడుకు తీరుస్తాడు, లేదా మనవడు.

అవ్వ కొడుకు ఒక మాట చెప్పినాడు, అది రాత్రంతా నా తలలో తిరిగింది. ముప్పై ఏళ్లకోసారి కప్పు మారితే, ఒక మనిషి బతుకులో తన ఇంటి కప్పు రెండుసార్లే చూస్తాడు. మొదటిసారి పిల్లోడిగా మోపులు అందించి నేర్చుకుంటాడు. రెండోసారి పెద్దోడిగా నిలబడి నేర్పుతాడు. మధ్యలో చేయి మరవకుండా పక్కవాళ్ల కప్పులకి పోతా ఉంటాడు. ఒక్క తడవ తప్పిందంటే నేర్పేవాడు లేకుండా పోతాడు. గడ్డి ఉంటాది, కొండ ఉంటాది, చేయి ఉండదు.

అక్కడంతా బంగారంగా ఉందని నేను చెప్పను. ఆ లోయ కష్టం మనకి తెలియంది కాదు. 1961లో మిబోరో డ్యాము పూర్తయి పైన ఉన్న పల్లెలు మునిగిపోయినాయి. శ్రీశైలం ముంపు చూసినవాళ్లకి ఆ బాధ చెప్పనక్కరలేదు. పట్టు ధర పడిపోయింది, కుర్రాళ్లు ఫ్యాక్టరీలకి పోయినారు. ఇళ్లని విప్పదీసి పట్నాల్లో హోటళ్లకి అమ్ముకున్నారు కొందరు, కొన్ని కాలిపోయినాయి. ఆ సమయంలో, 1971లో, ఓగిమాచి జనం కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. మూడు మాటలు రాసుకున్నారు. అమ్మకూడదు. బాడుగకి ఇయ్యకూడదు. పడగొట్టకూడదు. ఇళ్లు, పొలాలు, చెట్లు, అన్నిటికీ ఇదే. 1976లో ప్రభుత్వం ఊరిని కాపాడాల్సిన జాబితాలో పెట్టింది. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వం అన్నది. వరస గమనించండి. ముందు ఊరు కూర్చున్నది, ఐదేళ్లకి ప్రభుత్వం వచ్చింది, ఇరవైనాలుగేళ్లకి యునెస్కో వచ్చింది.

ఇప్పుడు ఆ ఊరికి ఏడాదికి పది లక్షల మందికి పైగా వస్తారు. గ్రామ పంచాయతీ మొత్తం కలిపినా జనాభా రెండువేలు లేదు. పగలు బస్సులు, ఫొటోలు, తెలియకుండా ఇళ్లల్లోకి తొంగి చూసేవాళ్లు. సాయంత్రం ఐదు దాటితే బస్సులు పోతాయి, ఊరు ఊరోళ్లకి మిగులుతుంది. కప్పు పనులు కూడా ఇప్పుడు ఎక్కువ భాగం కాంట్రాక్టు కూలీలే చేస్తారు, ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం ఇస్తుంది. యుయి అప్పుడప్పుడు మాత్రమే. కానీ పూర్తిగా వదల్లేదు. 2001లో నాగసే వాళ్ల ఇంటి కప్పు ఎనభై ఏళ్ల తర్వాత మార్చినప్పుడు దాదాపు ఐదువందల మంది యుయిగా చేసినారు. డబ్బుతో చేయించగలిగినా ఎందుకు అంతమందిని పిలిచినారు అంటే, అవ్వ కొడుకు చెప్పిన మాటే జవాబు. చేయి మరవకుండా.

గడ్డి ఇళ్ల ఊరికి నిప్పంటే భయం. ఇళ్ల నడుమ 59 నీటి ఫిరంగులు ఉన్నాయి, చిన్న గుడిసె మాదిరి పెట్టెల్లో దాచినారు. ఏటా ఈ కాలంలోనే ఒక రోజు అన్నీ ఒకేసారి తిప్పి చూస్తారు. 2019 నవంబరులో పార్కింగు దగ్గర పాకలు అంటుకున్నప్పుడు ఈ ఫిరంగులు తిప్పి ఇళ్ల మీదికి మంట రాకుండా ఆపినారు. ఇంకా వంతుల వారీగా ఊరోళ్లే రాత్రి గస్తీ తిరుగుతారు. మేము పడుకున్నాక రెండు కట్టెలు కొట్టుకుంటా ఎవరో పోయిన చప్పుడు వినపడింది. నిప్పు జాగ్రత్త అని గుర్తుచేయడం అది. చలి నాలుగు డిగ్రీలు. ఆ చలిలో కూడా తన వంతు తను తిరుగుతా ఉన్నాడు ఎవరో.

ఇంతవరకూ వాళ్ల సంగతి. ఇప్పుడు మన సంగతి.

మా నాయన కట్టించింది కాదు, మా అబ్బ కట్టించిన మట్టిమిద్దె ఒకటి ఊరి నడుమ ఉంది. వేపదూలాలు, దంతెలు, నాలుగు రాతి స్తంభాలు, మధ్యలో గవాచి. మీలో చానామంది అట్లాంటి ఇంట్లోనే పుట్టి ఉంటారు. మృగశిర కార్తె లోపల మిద్దె మీద చవుడు వేసి తొక్కాల, లేకుంటే కారుతుంది. నా చిన్నప్పుడు ఏడు ఇళ్ల జట్టు ఉండేది. ఒక రోజు మా మిద్దె, ఒక రోజు వాళ్ల మిద్దె. చెరువు పక్క నుంచి ఎద్దులబండ్లలో చవుడు, ఆడవాళ్లు గంపలతో పైకి, మేము పిల్లోళ్లం పైన తొక్కేది. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి. కూలి అనే మాటే లేదు. శెనక్కాయ పీకేటప్పుడూ అంతే, నాటుకీ అంతే. పుస్తకం లేదు గానీ, మా అమ్మకి ఎవరి ఇంటికి ఎన్ని రోజులు బాకీ ఉందో నోటికి ఉండేది.

అది ఎందుకు పోయిందని ఎవర్నీ అనేది లేదు. బోర్లు వచ్చినాయి, ఎవరి నీళ్లు వాళ్లవి, ఎవరి పని రోజు వాళ్లది. స్లాబు ఇళ్లు వచ్చినాయి, వాటికి చవుడు అక్కరలేదు. పిల్లోళ్లు బెంగళూరు పోయినారు. నాలుగు ఇళ్లకి పని లేనప్పుడు జట్టు ఎట్ల నిలుస్తాది?

మా మిద్దెకి ఇప్పుడు బేరం వచ్చింది. వాకిళ్లు, స్తంభాలు, దూలాలు కలిపి రెండు లక్షలు ఇస్తానంటున్నాడు పాతకట్టె వ్యాపారి. రిసార్టుల వాళ్లకి కావాలంట. మేము ముగ్గురు అన్నదమ్ములం. అన్న అమ్మేద్దాం అంటాడు, తప్పేం లేదు, ఆయన కూతురి చదువుకి డబ్బు కావాల. తమ్ముడు ఎటైనా సరే అంటాడు. సంక్రాంతికి తేల్చాల.

జపాన్ నుంచి వచ్చిన నాలుగో రోజు నేను మిద్దె ఎక్కి లెక్క వేసినా. గవాచి పక్కన నాలుగు దంతెలు మార్చాల. చవుడు ఆరు ట్రాక్టర్లు. పన్నెండు మంది రెండు రోజులు. డబ్బు లెక్క పెద్దది కాదు, ఒక పంట గూళ్లలో సగం కూడా కాదు. కానీ చవుడు ఎంత మందం వేయాల, నీళ్లు ఎంత చల్లాల, ఏ వాలున తొక్కితే వాన నిలవదు అనేది తెలిసినవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు నలుగురు. నలుగురికీ అరవై ఐదు దాటినాయి. ఒకాయనకి మోకాళ్లు లేవు, కింద కుర్చీ వేసి కూర్చోబెడితే చెప్పగలడు. అవ్వ కొడుకు చెప్పింది ఇదే కదా. మన తడవ ఇప్పుడే వచ్చింది. ఇది తప్పితే మా మిద్దె ఒక్కటే కాదు, మా ఊళ్లో మిగిలిన తొమ్మిది మిద్దెల పని కూడా ఎవరికీ రాకుండా పోతాది.

అందుకని అన్నకి చెప్పినా. ఆయన వాటా డబ్బు రెండు పంటల్లో నేను ఇస్తా, మిద్దె ఉంచుదాం అని. ఇంకా ఔననలేదు. కాదనీ అనలేదు. ఓబులేసన్నకి చెబితే, "పన్నెండు రోజులకి నువ్వు బాకీ ఉన్నావు, ఇంకో రెండు రోజులు కలుపు" అని తన పేరు ముందు రాయించినాడు. ఔను, నోట్‌బుక్ కొన్నా. మొదటి పేజీలో మొదటి పేరు ఆయనదే. నిన్నటికి ఐదు పేర్లు అయినాయి. పన్నెండు కావాల.

మిద్దెలు ఉంచుకోండి అని నేను ఎవరికీ చెప్పడం లేదు. కారే ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టమని ఎవరు చెబుతారు? మీ ఊళ్లో అది మిద్దె కాకపోవచ్చు. చెరువు తూము పూడిక కావచ్చు, కాలువ తీయడం కావచ్చు, కళ్లం అలకడం కావచ్చు, ఎద్దుకి నాడా కొట్టడం కావచ్చు. పదిమంది కలిస్తేనే అయ్యే పని, తెలిసినవాళ్లు నలుగురే మిగిలిన పని ఏదో ఒకటి ఉంటాది. ఆ నలుగురూ ఉండగానే ఒక రోజు పెట్టుకోండి. పిల్లోళ్లని సెలవుకి రమ్మని మోపులు అందించమనండి.

మీ పక్క బదుళ్లని ఏమంటారో, ఏ పనికి చివరిసారి చేసినారో రాయండి. హిందూపురం, లేపాక్షి, మడకశిర పక్కనోళ్లు ఎవరికైనా చవుడు పని తెలిసి ఉంటే వైశాఖంలో రెండు రోజులు రండి. మా అన్న ఒప్పుకుంటే తేదీ పెడతా. సంగటి, ఊరిబిండి మా ఇంటామె చూసుకుంటాది. మీ పేరు పక్కన రెండు రోజులు రాసుకుంటా. మీ పని ఎప్పుడు వచ్చినా ఫోన్ చేయండి, నేను రాలేకపోతే మావాడిని పంపిస్తా.